సేఠ్‌జీ ఆరు సంచులు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి మూడో ఏడు నడుస్తుండగా నన్ను పాథాలజీ ల్యాబు నుంచి బ్లడ్ బ్యాంకుకు సీనియర్ టెక్నీషియన్‌గా మార్చారు. ఆసుపత్రి పేరు రాయను. భిలాయి నుంచి దుర్గ్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక ట్రస్టు నడిపిన ధర్మాసుపత్రి అంటే చాలు. ఇప్పుడది ఆ పేరుతో లేదు. మా ఆయన దానియేలు స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. సెక్టర్ 2లో క్వార్టరు. నేను రోజూ మోపెడ్ మీద వెళ్ళి వచ్చేదాన్ని.

బ్లడ్ బ్యాంకులో హోదాలు ఇలా ఉండేవి. పైన మెడికల్ ఆఫీసర్ డాక్టర్ మిశ్రా. ఆయన కింద నేను. నా కింద పుష్ప అనే జూనియర్ టెక్నీషియన్. పుష్ప కింద ఫ్రిజ్. చెప్పిన మాట వినడంలో మాత్రం ఈ వరస తలకిందులుగా ఉండేది. ఫ్రిజ్ అందరికంటే బాగా వినేది.

ఆ ఫ్రిజ్ మామూలుది కాదు. రక్తాన్ని రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉంచాలి. డిగ్రీ అటూ ఇటూ అయితే గంట మోగుతుంది. నాలుగు గంటలకోసారి చార్టులో ఉష్ణోగ్రత రాసి సంతకం పెట్టాలి. దాని తలుపు మీద ఇత్తడి రేకు, రేకు మీద గిర్‌ధారీ సేఠ్ పేరు. అది ఆయన విరాళం. కారిడార్లో బెంచీలు, వాటర్ కూలరు, వీల్‌చెయిర్ల వీపులు, అన్నిటి మీదా ఆయన పేరే. మార్చురీ బల్ల కూడా ఆయనే ఇచ్చాడు గానీ, దాని మీద మాత్రం పేరు వద్దన్నాడట.

ఆయనకు రెండు రోలింగ్ మిల్లులు, జాముల్ నుంచి సిమెంటు మోసే లారీలు, పెట్రోలు పంపులు, ఒక కల్యాణ మంటపం ఉండేవి. ఎంత ఉందో ఆయనకే తెలియదని జనం అనుకునేవారు. నేను చూసినంతలో ఆయనకు చాలా బాగా తెలుసు.

ఆయనది ఓ నెగెటివ్ రక్తం. ఇది మన దగ్గర ఎంత అరుదంటే, ఒక పెళ్ళి ఊరేగింపు మొత్తాన్ని రోడ్డు మీద ఆపి పరీక్ష చేసినా ఒకరో ఇద్దరో దొరుకుతారు. ఓ నెగెటివ్ వాళ్ళకు ఓ నెగెటివ్ తప్ప మరొకటి ఎక్కించకూడదు. ఈ సంగతి ఏ డాక్టరు చెప్పాడో గానీ, అది విన్న రోజు నుంచీ సేఠ్‌గారికి నిద్ర తగ్గింది. దానికి తోడు ప్రొస్టేట్ ఆపరేషను తప్పదన్నారు.

ఆయన పద్ధతి ఆయనది. ఒకరోజు ఉదయం ఆరుగురు మనుషులు జీపులో దిగారు. వాచ్‌మన్, తోటమాలి, గుమస్తా, మిల్లు పనివాళ్ళు ఇద్దరు, డ్రైవరు. ఆరుగురిదీ ఓ నెగెటివే! ఒకే యజమాని దగ్గర అంతమంది ఉండటం నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. డ్రైవరు సింహాచలానిది పలాస దగ్గర పల్లె. నేను భీమిలి దాన్నని తెలియగానే హిందీ పక్కన పెట్టేశాడు. సూది గుచ్చుతూ, ఇంతమంది ఎలా దొరికారని అడిగాను.

"ఏటి దొరకడమండమ్మా! పన్లోకి తీసుకున్నప్పుడే ఏరుకున్నారు. నాకు డ్రైవింగు టెస్టు ఎట్టనేదు, రగతం టెస్టు ఎట్టేరు. కారు నడపడం వొచ్చా అని ఆనక అడిగేరు."

"జీతం బాగా ఇస్తారా?"

"బాగానే ఇత్తారండి. సెలవులికి ఊరెల్తానంటేనే ఒప్పుకోరు. దారిలో దెబ్బా గిబ్బా తగిల్తే ఒలికిపోద్దని బయిం."

ఆరు సంచులూ పరీక్షలు చేసి ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాం. సేఠ్‌గారి మేనేజరు వచ్చి ఆ అరకు ఒక చీటీ అంటించి వెళ్ళాడు. హిందీలో పెద్ద అక్షరాలు: 'సేఠ్‌జీవి. ముట్టుకోరాదు.' రూలు పుస్తకంలో అలాంటి చీటీకి చోటు లేదు. రోగి నమూనాతో సరిపోల్చి చూసి కేటాయించిన రక్తాన్ని డెబ్భై రెండు గంటలు పక్కన ఉంచవచ్చు. ఈ సరిపోల్చడాన్నే క్రాస్‌మ్యాచ్ అంటాం. ఆ గడువు దాటితే రక్తం తిరిగి అందరి స్టాకులోకి వెళ్ళాలి. ఈ మాట డాక్టర్ మిశ్రాకు గుర్తు చేశాను. ఆయన తలుపు మీది ఇత్తడి రేకు వైపు చూసి, "సుగుణా, ఫ్రిజ్ ఎవరిది?" అన్నారు.

ఆపరేషను జరగలేదు. జ్యోతిష్కుడు ముహూర్తం బాగాలేదన్నాడు. తర్వాత ఎవరో మంత్రిగారింట పెళ్ళి వచ్చింది. సంచిలో రక్తం ఆయుష్షు ముప్ఫై అయిదు రోజులు. ముప్ఫై ఆరో రోజున అది రక్తం కాదు, చెత్త. ఆరు సంచులనూ నేనే ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రంలో, పెట్టి పారేశాను. ఆ అయిదు వారాల్లో ఓ నెగెటివ్ కావాలని ముగ్గురు వచ్చారు. ముగ్గుర్నీ వేరే చోటికి పంపాం. పారేసిన సంగతి తెలిసి సేఠ్‌గారు నొచ్చుకోలేదు. "మళ్ళీ పట్టిద్దాం" అన్నారట, బావిలో నీళ్ళ గురించి అన్నట్టు. ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇవ్వడానికి మూడు నెలలు ఆగాలి. ఆగారు. జీపు మళ్ళీ వచ్చింది. అవే ఆరు చేతులు, అదే అర, కొత్త చీటీ.

ఇది జరిగిన మూడో వారంలో, మండు వేసవిలో, సేఠ్‌గారు ఎట్టకేలకు పై అంతస్తు ప్రైవేటు గదిలో చేరారు. మర్నాడు ఉదయం ఆపరేషను. సర్జన్ పంపిన ఫారం నా బల్ల మీదికి వచ్చింది. అందులో అడిగింది రెండు యూనిట్లు. సేఠ్‌గారి నమూనాతో రెండిటిని క్రాస్‌మ్యాచ్ చేసి, ఆయన పేరు, ఫారం నంబరు రాసి పక్కన పెట్టాను. మిగతా నాలుగూ చీటీ చాటునే ఉన్నాయి.

పన్నెండున్నరకు ప్రసూతి వార్డు నుంచి లేడీ డాక్టరు ఫోను చేశారు.

"సుగుణా, నందిని గనుల ఊరి నుంచి ఒకామెను తెచ్చారు. ఇంట్లోనే కాన్పయింది, బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగడం లేదు. ఓ నెగెటివ్. నాలుగు కావాలి, వెంటనే."

ఆమె పేరు సుఖ్‌వతీ. భర్త నందిని సున్నపురాయి గనుల్లో కాంట్రాక్టు కూలీ. పుష్ప ఆమె నమూనా పరీక్షించి ఇంకొక మాట చెప్పింది. ఇది రెండో కాన్పు. మొదటి కాన్పప్పుడు వేయించాల్సిన ఇంజెక్షను వేయించలేదు. కాబట్టి ఆమె రక్తం పాజిటివ్ రక్తాన్ని శత్రువులా చూస్తుంది. అత్యవసరమని ఓ పాజిటివ్ ఎక్కించే దారి కూడా మూసుకుపోయింది. చుట్టుపక్కల బ్లడ్ బ్యాంకులకు ఫోన్లు చేశాం. ఎక్కడా లేదు. రాయ్‌పూర్‌లో రెండు ఉన్నాయన్నారు. మనిషి వెళ్ళి రావడానికి రెండు గంటలు పైనే.

సుఖ్‌వతీ అత్త మా గది గుమ్మంలో చేయి చాచి నిలబడింది. "మోర్ లే లే దీదీ" అంది. నాది తీసుకో అని. చూశాం, బీ పాజిటివ్. ఆ మాట చెబితే, తన రక్తం మంచిది కాదన్నాననుకుని చేయి చీరలో దాచేసుకుంది. విడమర్చి చెప్పడానికి నాకు తీరిక లేకపోయింది.

డాక్టర్ మిశ్రాకు ఇంటికి ఫోను చేశాను. భోజనం దగ్గర ఉన్నారు. విని, నమిలి, మింగి, "సేఠ్‌జీని ఒక్క మాట అడుగు. మర్యాదగా ఉంటుంది" అన్నారు. నాలుగు సంచులకూ క్రాస్‌మ్యాచ్ మొదలుపెట్టమని పుష్పకు చెప్పి మెట్లెక్కాను. పరీక్షకు ముప్పావు గంట పడుతుంది. అడగడానికి అంత పట్టదు కదా అనుకున్నాను.

సేఠ్‌గారు మంచం మీద ఆసుపత్రి గౌనులో కూర్చుని ఉన్నారు. అది వెనకవైపు తాళ్ళతో కట్టేది. ఎంత గొప్పవాడైనా ఆ గౌనులో సగమే గొప్పగా కనిపిస్తాడు. సింహాచలం గుమ్మం దగ్గర స్టూలు మీద ఉన్నాడు. నేను సంగతంతా హిందీలో చెప్పాను. డాక్టరు మీకు రెండు అడిగారు, రెండూ సిద్ధంగా ఉన్నాయి, మిగతా నాలుగు ఒక బాలింతకు కావాలి అని.

"ఆరు పెట్టించాను కదా సిస్టర్?" అన్నారు. నేను సిస్టర్ని కాదు, టెక్నీషియన్ని. అది దిద్దే సమయం కాదు.

"మీ ఆపరేషనుకు రెండు కూడా పట్టకపోవచ్చని సర్జనే అన్నారండి."

"సర్జన్‌కేం? పడుకునేది ఆయనా నేనా? మూడోది అవసరమైతే? అయిదోది అవసరమైతే?"

"ఆరూ అయిపోయి ఏడోది అవసరమైతేనో?"

ఇలా అనకూడదు. నోరు జారింది. ఆయన మాత్రం కోప్పడలేదు. నిజంగానే ఆలోచించారు. "అందుకే ఏడోవాణ్ణి వెతుకుతున్నాం. దొరకలేదు" అన్నారు.

ఆయన్ని దుర్మార్గుడిగా రాస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆ గదిలో నేను చూసింది భయపడ్డ ముసలాయన్ని. తన చిన్నప్పుడు తండ్రి గాయపడి, రక్తం దొరక్క పోయాడని చెప్పారు. ఇంట్లో రూపాయి లేని రోజులట. "ఆ రోజు మా నాన్నకు ఎవడిచ్చాడు? ఎవడూ ఇవ్వలేదు. నేను కష్టపడ్డాను, సమకూర్చుకున్నాను. ఒకరి దగ్గర లాక్కోలేదు. అందరూ ఇష్టపడే ఇచ్చారు. అడుగు, వాణ్ణే అడుగు" అని సింహాచలం వైపు చూపించారు.

సింహాచలం లేచి నిలబడ్డాడు. యజమాని వైపు చూడకుండా, హిందీలో కాకుండా, నాతో అన్నాడు: "నాను ఇష్టపడే ఇచ్చీసినానమ్మా. ఇచ్చీసినాక అది నాది కాదు. ఈయన ఒంట్లోకీ ఇంకా ఎల్లనేదు. మరి ఇప్పుడది ఎవలిదో ఆ పుస్తకంలో ఏటి రాసుందో సూసి సెప్పండి."

"వాడేమంటున్నాడు?" అన్నారు సేఠ్‌గారు.

"ఇష్టపడే ఇచ్చానంటున్నాడు" అని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఆయన తలాడించి, "చూశావా? ఆరూ నావే" అన్నారు.

కిందికి వచ్చాను. అడగడానికి వెళ్ళడమే తప్పని మెట్లు దిగుతుంటే అర్థమైంది. భయపడేవాణ్ణి 'నీకెంత చాలు' అని అడిగితే, ఉన్నదంతా అంటాడు. అతనికి వేరే సమాధానం ఉండదు. ఫారంలో రెండు అని ఉంది. మిగతా నాలుగింటికి ఏ ఫారమూ లేదు. ఉన్నది చీటీ. చీటీని గోటితో గీకి తీసేశాను. జిగురు గట్టిది, సగం అక్షరాలు ఫ్రిజ్‌కే అతుక్కుని ఉండిపోయాయి.

నాలుగూ సరిపోయాయని పుష్ప చెప్పింది. మెడికల్ ఆఫీసర్ సంతకం లేనిదే సంచి గడప దాటకూడదు. డాక్టర్ మిశ్రా స్కూటర్ మీద వచ్చారు. మీసానికి పెరుగు అంటుకుని ఉంది. "ఏమన్నారు?" అన్నారు. "వద్దన్నారు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని అన్న మాటలు ఇవి: "నువ్వు పైకి వెళ్ళలేదు. ఎవర్నీ అడగలేదు. నియమం ప్రకారం స్టాకులో ఉన్న రక్తం ఇచ్చాం. రిజిస్టర్లో సమయం వెయ్యి." సంతకం చేశారు. నా సర్వీసులో ఆయన చేసిన సంతకాల్లో నేను గౌరవించేది అదొక్కటే.

మొదటి సంచి ఒంటి గంటా యాభైకి ఎక్కింది. నాలుగోది ఎక్కేసరికి రక్తస్రావం ఆగింది. ఎనిమిదో రోజున సుఖ్‌వతీ బిడ్డను చంకన వేసుకుని నందినికి తిరిగి వెళ్ళిపోయింది. ఎవరి రక్తమో ఆమెకు చెప్పలేదు. చెప్పకూడదు.

ఇక సేఠ్‌గారు. సాయంత్రానికి విషయం తెలిసింది. ఆపరేషను వద్దని గౌను విప్పేసి రాయ్‌పూర్ వెళ్ళిపోయారు. ఈసారి సంచులను నమ్మలేదు. ఆరుగురినీ జీపులో తీసుకెళ్ళి ఆపరేషన్ థియేటర్ బయట వరసగా కూర్చోబెట్టారట. ఆపరేషను సులువుగా అయింది, చుక్క రక్తం కూడా పట్టలేదు. నాకు ట్రస్టు ఒక మెమో ఇచ్చింది, దాతను అవమానించినందుకు సంజాయిషీ చెప్పాలని. సర్జన్ ఫారం నకలు జతచేసి, 'అడిగినవి రెండు, ఉంచినవి రెండు' అని ఒక్క వాక్యం రాసిచ్చాను.

అంతటితో అయిపోయి ఉంటే ఇది నేను గెలిచిన కథ అయ్యేది. కానీ మూడు వారాల తర్వాత ఒక లారీ వచ్చింది. దాని ముందు సేఠ్‌గారి కారు. కారులోంచి మేనేజరు, సింహాచలం దిగారు. ఫ్రిజ్ తీసుకెళ్ళడానికి వచ్చారు. విరాళం వెనక్కి తీసుకోవచ్చా అని ట్రస్టు వాళ్ళు లాయరును అడిగేలోపే లోపలి సంచులన్నీ ఐసు పెట్టెల్లో సర్ది వేరే ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది. ఇత్తడి రేకుతో సహా ఫ్రిజ్ లారీ ఎక్కింది. ఒక రోలింగ్ మిల్లు యజమాని రక్తపు ఫ్రిజ్‌తో ఏం చేసుకుంటాడు? ఆయన కల్యాణ మంటపంలో కూల్‌డ్రింకులు పెట్టారని తర్వాత విన్నాను.

తాళ్ళు కడుతూ సింహాచలం గొంతు తగ్గించి అడిగాడు: "నాది ఎల్లిందా అమ్మా, ఆయమ్మికి?"

"చెప్పకూడదు నాయనా."

"సరే, సెప్పకండి." తాడు ముడి మళ్ళీ ఒకసారి బిగించాడు. "అడిగినాను, అంతే."

ఫ్రిజ్ లేకపోతే లైసెన్సు చెల్లదు. కొత్తది వచ్చేదాకా మా బ్లడ్ బ్యాంకు మూతపడింది. ఆ రోజుల్లో రక్తం కావాల్సిన ఇద్దర్ని రాయ్‌పూర్ పంపించాం. ఒకతను చేరాడు. లారీ ప్రమాదంలో దెబ్బలు తిన్న రెండో అతను దారిలో కుమ్హారీ ఊరు దాటలేదు. ఆరోజు నేను చీటీ గీకకపోతే ఆ ఫ్రిజ్ అక్కడే ఉండేది, అతను బతికేవాడేమో. సుఖ్‌వతీ బతికేది కాదు. ఈ లెక్క నాకు ఇప్పటికీ తెగలేదు. ఒక ఊరి రక్తాన్ని ఒక మనిషి ఇచ్చిన పెట్టెలో పెట్టుకోవడం దగ్గరే మా తప్పు మొదలైందని మాత్రం తెలుసు.

కొత్త ఫ్రిజ్‌ను ట్రస్టు తన ఖర్చుతోనే కొన్నది. గోడ మీద డాక్టర్ మిశ్రా ఒక కాగితం టైపు చేయించి పెట్టారు: డాక్టరు రాసినన్ని యూనిట్లే, మూడు రోజులే, ఎవరికైనా సరే. ఆ నియమానికి మొదట దొరికింది ఆయన బావమరిదే. అతని కోసం నాలుగు అట్టే పెట్టమని డాక్టరుగారే అడిగి, నేను గోడ వైపు చూస్తే, తానే టైపు చేయించిన కాగితాన్ని కొత్తగా చదువుతున్నట్టు రెండుసార్లు చదివి వెళ్ళిపోయారు. నేను పుష్పతో కలిసి బాగా నవ్వుకున్నాను.

మరుసటి ఏడు మా ఆయనకు కడుపులో పుండు పగిలి మా ఆసుపత్రిలోనే అత్యవసర ఆపరేషను పడింది. ఆయనది బీ నెగెటివ్. ఫారంలో డాక్టరు రెండు అడిగారు. స్టాకులో మూడు ఉన్నాయి. మూడోదాన్ని నేను అప్పటికే డిశ్చార్జి అయిన ఒక రోగి పేరు రాసి, కింది అర వెనక పెట్టాను. నా చేత్తోనే రాశాను. ఆ క్షణాన నాకది దొంగతనం అనిపించలేదు. జాగ్రత్త అనిపించింది. మూడోది అవసరమైతే? అన్న ప్రశ్న సేఠ్‌గారి గొంతులో కాదు, నా గొంతులోనే వినపడింది.

గంట తిరక్కుండా పుష్ప కనిపెట్టింది. సంచిని తీసి లేబుల్ చింపి మామూలు అరలో పెట్టింది. "దీదీ, ఈ రోగి మొన్ననే ఇంటికి వెళ్ళిపోయాడు" అంది. ఆమె మీద నాకు వచ్చిన కోపం చెప్పలేను. నీకు పెళ్ళి కాలేదు, నీకేం తెలుసు అని కూడా అన్నాను. ఆమె చార్టులో ఉష్ణోగ్రత రాసి సంతకం పెట్టింది.

మా ఆయనకు ఒక్కటే పట్టింది. కోలుకున్నాక సంగతి చెబితే, "ఏటే, నాకోసం దొంగతనం కూడా సేసీసినావా!" అని మురిసిపోయారు. ఆయనకు అర్థమైంది అదీ.

ఈ మధ్య మా రిటైరైనవాళ్ళ కూటంలో, మనిషి దగ్గర ఇంతకు మించి ఆస్తి ఉండకూడదని హద్దు పెట్టాలా వద్దా అని వాదన వచ్చింది. పెట్టాలన్నవాళ్ళు సేఠ్‌ల లోభాన్ని తిట్టారు. వద్దన్నవాళ్ళు వాళ్ళ కష్టాన్ని పొగిడారు. ఆస్తి సంగతి నాకు తెలియదు. ఫ్రిజ్ సంగతి తెలుసు. లోభం, మంచితనం అన్న మాటలు అక్కడ పనికిరాలేదు. అరముందు నిలబడి 'నాకు ఇది చాలు' అన్న మనిషిని ఇరవై రెండేళ్ళలో నేను చూడలేదు. అద్దంలో కూడా చూడలేదు. అందుకే హద్దు ఉండాలి. దాన్ని గీసేపని ఆ అర అవసరమైనవాడికి అప్పగించకూడదు.